డిస్‌ప్లే రావట్లేదు

"మావయ్యా, బోర్డు పోయిందంట."

పోయిన ఆదివారం ఇంకా కాఫీ అయినా తాగలేదు, తెనాలి నుంచి మా మేనల్లుడి ఫోను. వాడు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. అసలే ముహూర్తాల రోజులు. చేతిలో మూడు పెళ్లిళ్ల ఫుటేజీ ఉంది, అందులో ఒకటి బుధవారానికి ఇచ్చేయాలి. శనివారం రాత్రి కంప్యూటర్లో పాత గ్రాఫిక్స్ కార్డు తీసేసి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఇంకో కార్డు పెట్టాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రాలేదు. భయమేసి పాత కార్డే మళ్లీ పెట్టాడు. అయినా రాలేదు. తెలిసిన షాపుకి ఫోన్ చేస్తే, పాత కార్డుతో కూడా డిస్‌ప్లే రావట్లేదంటే మదర్‌బోర్డు పోయినట్టే, తీసుకొచ్చెయ్, మార్చేద్దాం అన్నారట.

"ఇంకేమీ ముట్టుకోకు. ప్లగ్గు పీకేసి ఉంచు, వస్తున్నా" అని చెప్పి రైలెక్కాను.

ఆ షాపువాళ్లు చెప్పింది వినడానికి సబబుగానే ఉంటుంది. నిన్నటిదాకా ఆ కార్డుతో నడిచింది, ఇవాళ అదే కార్డుతో నడవట్లేదు, కాబట్టి మిగిలింది బోర్డే. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఆ పెట్టెలోకి ఒక మనిషి చెయ్యి వెళ్లొచ్చింది. దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఇరుకు క్యాబినెట్‌లో కార్డు పీకిన చెయ్యి ఒక్క కార్డునే తాకి బయటికి రాదు.

స్విచ్ వేసిన మరుక్షణం నుంచి కంప్యూటర్ ఒక వరసలో తనను తాను చూసుకుంటుంది. ముందు కరెంటు, ఆ తర్వాత ప్రాసెసర్, ఆ తర్వాత ర్యామ్. ర్యామ్ కుదిరాకే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వస్తుంది. విండోస్ ఉన్న డిస్కును వెతకడం ఆఖరున. దీన్ని పోస్ట్ అంటారు, పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. 1981లో ఐబీఎం పీసీ వచ్చిన నాటి నుంచీ ఉన్న పద్ధతే. అంటే మానిటర్ మీద బొమ్మ రాలేదంటే కార్డు దగ్గర ఆగిపోయి ఉండొచ్చు, అసలు కార్డు దాకా రాకుండానే ర్యామ్ దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. రెంటిలో ఏదైనా బయటికి కనిపించేది ఒకటే: నల్ల తెర, తిరిగే ఫ్యాన్లు. మనం రెంటికీ కలిపి డిస్‌ప్లే రావట్లేదు అనేస్తాం. ఆ మాట విన్నవాడి చెయ్యి నేరుగా డిస్‌ప్లే కార్డు మీదికే వెళుతుంది.

ఇవన్నీ నాకు నేర్పింది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒక సీనియర్. అప్పట్లో చెవితో పట్టేవాళ్లం. అవార్డ్ బయోస్ ఉన్న బోర్డు అయితే ఒక పెద్ద బీప్, రెండు చిన్న బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు. ఆగకుండా మోగుతూనే ఉంటే ముందు ర్యామ్ చూసేవాళ్లం. ఇప్పుడు చాలా క్యాబినెట్లలో ఆ చిన్న స్పీకర్ పెట్టడమే మానేశారు. దాని బదులు చాలా బోర్డుల మీద ఒక మూల నాలుగు చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. పక్కనే సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని చీమ తలంత అక్షరాలు. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు అన్న వరసే అది. ఏది ఆరకుండా నిలిచిపోతే కంప్యూటర్ అక్కడ ఆగిందన్నమాట. మూత తీసి ఆ మూలకి చూసేవాళ్లు తక్కువ.

రైల్లో కూర్చున్నంతసేపూ నా మనసులో ఉన్నది 2004 నాటి ఒక పెద్దాయన. కొడుకు డిగ్రీ చదువుతున్నాడని కంప్యూటర్ కొనిచ్చాడట, అది ఆన్ కావట్లేదని దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. నేను రిపేర్లు చేసే షాపులో రద్దీగా ఉంది. ఇంకో కార్డు పెట్టి చూశాను, రాలేదు. బోర్డు పోయిందండీ అన్నాను. ఆయన ఇంకో మాట అడగలేదు. లోపలి జేబులోంచి డబ్బు తీసి రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి, కొత్త బోర్డు వేయించుకుని వెళ్లాడు. రెండు రోజుల తర్వాత తీరిగ్గా ఆ పాత బోర్డు బల్ల మీద పెట్టి ర్యామ్ స్లాట్ బ్రష్షుతో శుభ్రం చేసి వేరే ర్యామ్ పెడితే చక్కగా ఆన్ అయింది. ఆయన ఊరు పేరు రాసుకోలేదు, ఫోన్ నంబరు లేదు. ఆ బోర్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ రోజు నుంచి మూత తీసి కళ్లతో చూడకుండా ఏదీ పోయిందని చెప్పలేదు.

తెనాలి చేరేసరికి మావాడు క్యాబినెట్ బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ప్లగ్గు తీసే ఉంది. పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాను, లోపల కెపాసిటర్లలో మిగిలింది పోవడానికి. తర్వాత క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకాను, ఒంటి మీది స్టాటిక్ కోసం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో చాలాచోట్ల ప్లగ్గుకి ఎర్తింగ్ ఉండదు. కంప్యూటర్ నడుస్తుండగా క్యాబినెట్‌ని తాకితే వేలికి జిల్లుమంటుంది. కంప్యూటర్‌కి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, వాటిగుండా వచ్చే కాస్త కరెంటు ఎర్తింగ్‌లోకి పోవాలి. దారి లేక ఇనుములోనే నిలబడుతుంది. మీ కంప్యూటర్ అలా జిల్లుమంటుంటే కార్డు సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మూత తీసి, ప్లగ్గు పెట్టి, ఒకసారి ఆన్ చేయమన్నాను. ఫ్యాన్లు తిరిగాయి. నా చూపంతా బోర్డు మూల మీదే. డీర్యామ్ అన్న అక్షరాల పక్కన నారింజ రంగు చుక్క వెలిగింది, ఆరలేదు.

మళ్లీ అన్నీ తీసేసి ఫోన్ టార్చి వేసి చూస్తే దొరికింది. గ్రాఫిక్స్ కార్డు స్లాట్ చివర చిన్న గొళ్లెం ఉంటుంది, దాన్ని నొక్కితేగానీ కార్డు ఊడిరాదు. ఈ బోర్డులో ర్యామ్ స్లాట్ కింది గొళ్లెం సరిగ్గా దానికి ఎదురుగా, వేలెడు దూరంలో ఉంది. పాత కార్డు తీసేటప్పుడు కనిపించని గొళ్లెం కోసం వేలు పెట్టి తడిమాడు, ఆ వేలు ర్యామ్ గొళ్లేన్ని కూడా నొక్కేసింది. ర్యామ్ కింది కొస మిల్లీమీటరో రెండో పైకి లేచి ఉంది. పైనుంచి చూస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తేనే బంగారు రంగు గీత ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా తెలుస్తుంది. ర్యామ్ పూర్తిగా తీసి, మెత్తటి రబ్బరుతో తుడిచి, రెండు కొసలూ టక్కుమనేదాకా నొక్కాను. పాత కార్డుతోనే ఆన్ చేశాం. ఒకసారి తనంతట తనే ఆగి మళ్లీ మొదలైంది. ఆ తర్వాత తెర మీద బొమ్మ వచ్చింది.

"చాలు మావయ్యా, ఈ పాతదే ఉంచేద్దాం" అన్నాడు వాడు.

ఉంచకూడదు. దొరికింది ఒక తప్పు, అది కార్డు మార్చేటప్పుడు మధ్యలో జరిగింది. కొనుక్కొచ్చిన కార్డు మంచిదో కాదో ఇంకా మాకు తెలియదు. దాన్ని పెట్టి ఆన్ చేస్తే మళ్లీ నల్ల తెరే. వాడు తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఈసారి దీపం మారింది. డీర్యామ్ ఆరిపోయి వీజీఏ వెలిగింది. కంప్యూటర్ ఒక మెట్టు ముందుకొచ్చి ఆగింది.

వాడి పాత కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. 75 వాట్లు తింటుంది, అంతవరకూ స్లాటే ఇస్తుంది, వేరే కేబుల్ అక్కర్లేదు. కొత్తది ఆర్టీఎక్స్ 3060, 170 వాట్లది. పైన ఎనిమిది పిన్నుల కరెంటు కేబుల్ పెట్టాలి. వాడు జీవితంలో ఆ కేబుల్ పెట్టడం ఇదే మొదలు. అది ఆరు పిన్నుల ముక్క, రెండు పిన్నుల ముక్క విడివిడిగా ఉంటుంది. రెంటినీ వేళ్ల మధ్య జత చేసి ఒకేసారి నొక్కాలి. వాడు పెట్టినదానిలో ఆరు లోపలికి వెళ్లాయి, పక్కనున్న రెండు గోరంత వెనక్కి నిలబడిపోయాయి. ఎనిమిది పిన్నులూ వచ్చాయని కార్డుకు చెప్పే పిన్ను ఆ రెంటిలోనే ఉంది. కేబుల్ తీసి, రెండు ముక్కలూ కలిపి, కొక్కెం పట్టేదాకా నొక్కాను.

విండోస్ వచ్చింది.

రెండు తప్పులు ఒకేసారి జరగడం వల్లే ఇంత గందరగోళం. కేబుల్ ఒక్కటే వదులై ఉంటే పాత కార్డు పెట్టగానే నడిచేది. ర్యామ్ ఒక్కటే లేచి ఉంటే దాన్ని నొక్కగానే అయిపోయేది. రెండూ కలిసి నిక్షేపంలాంటి బోర్డు మీద నింద వేశాయి. మార్చిందాన్ని వెనక్కి మార్చి చూడటం ఈ పనిలో మొదటి పాఠం, నేనూ అదే చెబుతాను. అయితే వెనక్కి మార్చడమంటే కార్డుతో పాటు ర్యామ్, కేబుళ్లు అన్నీ నిన్న ఉన్నట్టే ఉండాలి.

ప్రాసెసర్ కూడా వాడికి కలిసిరాలేదు. ఐ5 9400ఎఫ్ అది. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో డిస్‌ప్లే ఉండదు. ఉండి ఉంటే కార్డు తీసేసి, కేబుల్ బోర్డుకే పెట్టి, కార్డుతో పనిలేకుండా చూసుకునేవాడు. మరీ పాత కార్డులైతే ఇంకో చిక్కు: కొత్త బోర్డుల్లోని యూఈఎఫ్ఐ అనే కొత్తరకం బయోస్‌కి అవి అర్థం కావు, బయోస్‌లో పాత పద్ధతికి వీలిచ్చే సీఎస్ఎం ఆన్ చేస్తేగానీ బొమ్మ రాదు. ఇక ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ల విషయంలో గట్టిగానే చెబుతాను. ఊడదీసే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఒక కంపెనీది ఇంకో కంపెనీదానికి పెట్టొద్దు. కార్డు వైపు పిన్నులు ఒకేలా ఉంటాయి, ఎస్‌ఎంపీఎస్ వైపు వరస ఎవరిది వారిదే. చూడ్డానికి సరిపోతుంది, స్విచ్ వేస్తే కార్డో బోర్డో కాలిపోవచ్చు. అలా కాలినవాటిని నేను బాగుచేయలేకపోయాను.

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే మావాడు ఫోన్ తీసి చూపించాడు. కార్డు అమ్మిన కుర్రాడికి రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టాడు, మైనింగ్‌లో వాడి చచ్చిన కార్డు నాకు అంటగట్టావు అని. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు బజారులోకి చాలా వచ్చాయి, అనుమానం రావడంలో తప్పులేదు. కానీ ఆ కుర్రాడు అమ్మింది మంచి కార్డే. "ఏం రాయను మావయ్యా?" అన్నాడు. జరిగింది జరిగినట్టు రాయమన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి రాశాడు, ర్యామ్ సంగతీ కేబుల్ సంగతీ అన్నీ. పెళ్లి వీడియో బుధవారం ఇచ్చేశాడు.

షాపుల్లో కూర్చునే తమ్ముళ్లను ఒక్కటి అడుగుతున్నాను. ఫోన్‌లో బోర్డు పోయిందని చెప్పకండి. పెట్టె తెమ్మనండి, మూత తీయండి, ర్యామ్ ఒకసారి పక్కనుంచి చూడండి.