అండోత్సర్గ పరీక్ష: పేరొకటి, పని ఒకటి

మందుల దుకాణములలో అండోత్సర్గ పరీక్ష అను పేరుతో చిన్న పట్టీలు అమ్ముచున్నారు. మూత్రములో ముంచిన కొద్ది నిమిషములకు పట్టీపై గీతలు తేలును. ఒకటి పట్టీ సరిగా పనిచేసినదని తెలుపు ఆధార గీత. రెండవది పరీక్ష గీత. ఈ రెండవ గీత మొదటిదానితో సమానముగా గాని, అంతకంటె ముదురుగా గాని ఉన్నచో అండము త్వరలో విడుదల కాగలదని భావింతురు. బిడ్డకొరకు ఎదురుచూచు దంపతులకు ఇది సులభ సాధనమే. కాని గర్భస్రావమైన పిమ్మట తిరిగి ప్రయత్నించుచున్న స్త్రీ ఈ పట్టీని వాడునపుడు, అది చెప్పునదేమి, చెప్పనిదేమి అను విషయమును నిశితముగా విచారింపవలసి యున్నది.

మొదటి దోషము పేరులోనే ఉన్నది. పట్టీ అండమును చూడదు. మెదడు అడుగుభాగమున నుండు పీయూష గ్రంథి ఋతుచక్రము నడుమ ల్యూటినైజింగ్ హార్మోనును ఒక్కుమ్మడిగా వెలువరించును. దీనిని సంగ్రహముగా ఎల్.హెచ్. అందురు. మూత్రములో దీని పెరుగుదల కనబడిన ఒకటి రెండు దినములలో సాధారణముగా అండము విడుదలగును. పట్టీ కనిపెట్టునది ఈ పెరుగుదలను మాత్రమే. ఆజ్ఞ వెలువడినదని అది చెప్పును గాని, ఆజ్ఞ అమలు జరిగినదని చెప్పదు. కొన్ని చక్రములలో హార్మోను పెరిగినను అండము విడుదల కాకపోవచ్చును. పి.సి.ఓ.ఎస్. అను రుగ్మత గలవారిలో ఎల్.హెచ్. మామూలుగనే అధికముగా ఉండి, పట్టీ పలుమారులు వృథాగా ఆశ పెట్టవచ్చును.

రెండవ దోషము గర్భస్రావానంతరము బయటపడును. గర్భము నిలిచిన తరువాత మాయ, అనగా జరాయువు, హెచ్.సి.జి. అను హార్మోనును తయారుచేయును. గర్భపరీక్ష పట్టీలు గుర్తించునది దీనినే. ఎల్.హెచ్., హెచ్.సి.జి. హార్మోనులు అక్కచెల్లెండ్రవంటివి. ఒక్కొక్కటి రెండేసి గొలుసులతో నిర్మితమైనది. ఆల్ఫా అను గొలుసు రెండింటిలోను ఒక్కటే. అందు 92 అమైనో ఆమ్లములు గలవు. బీటా గొలుసులు మాత్రము వేరు. అందును చాలా భాగము పోలిక కలదు.

ఈ పోలిక శాస్త్రజ్ఞులనే ఒకప్పుడు తికమక పెట్టినది. 1927 ప్రాంతమున బెర్లిన్ నగరములో ఆష్‌హైమ్, జోండెక్ అను వైద్యులు గర్భిణీ స్త్రీల మూత్రమును ఎదుగని ఆడ చుంచెలుకలకు సూదిమందుగా ఎక్కించగా, వాటి అండాశయములు పక్వము కాజొచ్చినవి. ఇట్లు తొలి నమ్మదగిన గర్భపరీక్ష ఏర్పడినది. కాని ఆ హార్మోను పీయూష గ్రంథినుండి వచ్చుచున్నదని వారు తలచిరి. అది మాయలో పుట్టునదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. నేడు సంతానసాఫల్య చికిత్సలో ఎల్.హెచ్. చేయవలసిన పనిని చేయించుటకు హెచ్.సి.జి. సూదిమందు ఇచ్చుట కూడ ఈ పోలిక వలననే సాధ్యమగుచున్నది.

నాడు పరిశోధకులను భ్రమింపజేసిన పోలికయే నేడు ఇంటిలో పట్టీ పట్టుకొన్న స్త్రీని భ్రమింపజేయగలదు. గర్భస్రావము జరిగిన వెంటనే హెచ్.సి.జి. శరీరమునుండి మాయమైపోదు. గర్భము ఎన్ని వారములు సాగినదో దానినిబట్టి, అది పూర్తిగా తగ్గుటకు కొన్ని వారములు పట్టవచ్చును. అండోత్సర్గ పట్టీలలో కొన్ని ఈ రెంటికి గల భేదమును చక్కగా పాటింపవు. అప్పుడు రెండవ గీత ముదురుగా కనబడును. రాబోవు అండమునకు గుర్తుగా ఆమె తలచిన గీత, గడచిపోయిన గర్భమునకు మిగిలిన గుర్తు కావచ్చును.

మూడవ దోషము సూచనపత్రములోని పట్టికది. చక్రము ఇన్ని దినములదైనచో ఫలానా దినమున పరీక్ష మొదలుపెట్టవలెనని అందుండును. గర్భస్రావానంతరము మొదటి బహిష్టు ఇంకను రాని స్త్రీకి లెక్క ఎక్కడ మొదలుపెట్టవలెను? అండోత్సర్గము రెండు వారములకే తిరిగి రావచ్చును. మరికొన్ని వారములు ఆలస్యము కావచ్చును. పాత చక్రముల లెక్క ఇచట చెల్లదు.

అట్లని పట్టీ నిరుపయోగమని తేల్చుట న్యాయము కాదు. గర్భధారణకు అనువైన కాలము అండోత్సర్గ దినముతో ముగియు సుమారు ఆరు దినములని 1995లో అమెరికాలో విల్కాక్స్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన చూపినది. ఆ ఆరింటిలో చివరి దినములను పట్టీ ముందుగా పట్టి ఇచ్చును. 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారము, పట్టీలు వాడనిచో నూటికి 18 మందికి గర్భము నిలుచుననుకొన్నచో, వాడినచో ఆ సంఖ్య 20 నుండి 28 వరకు ఉండవచ్చును. లాభము కలదు, కాని పరిమితమైనది. గర్భస్రావానంతరపు తొలి వారములకు ఈ లెక్కను యథాతథముగా అన్వయించుట తగదు.

కావున క్రమము మార్చవలెను. ముందు గర్భపరీక్ష పట్టీతో చూచుకొని, రెండవ గీత పూర్తిగా పోయిన తరువాతనే అండోత్సర్గ పట్టీ మాటను విశ్వసింపవలెను. అండము నిజముగా విడుదలైనదా అను సంగతి, రాబోవు బహిష్టునకు సుమారు ఏడు దినములు ముందు చేయు ప్రొజెస్టిరోను రక్తపరీక్ష వలన తెలియును. కొన్ని వారములు గడచినను గర్భపరీక్షలో గీత పోకున్నను, జ్వరము, తీవ్రమైన నొప్పి, అధిక రక్తస్రావము ఉన్నను పట్టీలతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను; గర్భాశయములో కొంత భాగము మిగిలియుండవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన దోషము పట్టీది కాదు, దానినుండి ఆశించు జవాబుది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి పట్టీని అడుగు ప్రశ్న హార్మోనును గూర్చినది మాత్రమే కాదు. "నా దేహము మరల బాగుపడినదా? పొరపాటు నాదేనా?" అని ఆమె అడుగుచున్నది. ఈ ప్రశ్నలకు పట్టీలో సమాధానము లేదు. తొలి మాసములలో జరుగు గర్భస్రావములలో దాదాపు సగము పిండములోని క్రోమోసోముల సంఖ్యాలోపము వలన జరుగునవి. తల్లి నడకగాని, పనిగాని, తిండిగాని వాటికి కారణము కాదు. ఒక దినమున గీత తేలకపోయినచో అది ఆమెపై తీర్పు కాదు. ఆ దినమున, ఆ మూత్రములో, ఆ హార్మోను తగినంత లేదనుట మాత్రమే.

అంతస్స్రావ గ్రంథుల పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఈ పట్టీ మంచి ఉదాహరణము. ఏ పరీక్ష అయినను తాను కొలుచుదానిని గురించియే మాటాడును. తన పేరు చెప్పుదానిని గురించి కాదు. ఈ భేదమును బడిలో గ్రహించిన బాలిక రేపు రెండు గీతలను చూచి వృథాగా పొంగిపోదు. ఒక్క గీతను చూచి తన్ను తాను నిందించుకొనదు.