బ్యాక్టీరియా పొర మీది ప్రొటీన్లు: ఆకృతి నుంచి టీకా దాకా

గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియాకు రెండు పొరలుంటాయి. లోపలి పొర కణద్రవ్యాన్ని చుట్టి ఉంటుంది. బయటి పొర పరిసరాలకు ఎదురుగా నిలుస్తుంది. పోషకాలు లోపలికి రావాలన్నా, మనిషి కణాలను అంటిపెట్టుకోవాలన్నా, రక్తంలోని ఇనుమును లాక్కోవాలన్నా బ్యాక్టీరియాకు ఆధారం ఈ బయటి పొరలో పాతుకున్న ప్రొటీన్లే. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థకు తొలుత ఎదురయ్యే వాటిలోనూ ఇవి ముఖ్యమైనవి. బతికున్న బ్యాక్టీరియా లోపలికి యాంటీబాడీలు పోలేవు. పైకి తేలిన భాగాన్నే పట్టుకోగలవు. కాబట్టి ఒక ప్రొటీన్‌లో ఏది పైకి తేలింది, ఏది పొరలో మునిగింది, తేలిన దాంట్లో ఏది మారుతూ ఉంటుంది, ఏది మారదు అన్నవి టీకా తయారీలో అసలు ప్రశ్నలు. వాటికి పరమాణువుల స్థాయిలో జవాబు చెప్పేది ప్రొటీన్ల ఆకృతి అధ్యయనం.

రెండు రకాల నిర్మాణాలు

బయటి పొరలోని ప్రొటీన్లలో ఎక్కువ భాగం బీటా పీపాలు. అమైనో ఆమ్లాల గొలుసు పొరను అటూ ఇటూ దాటుతూ పక్కపక్కన పోగులుగా పేరుకుని, చివరి పోగు మొదటిదాన్ని కలుసుకుని గుండ్రంగా మూసుకుంటుంది. పోగుల్లో నూనె గుణం గల అమైనో ఆమ్లాలు పొర వైపు, నీటిని ఇష్టపడేవి పీపా లోపలి వైపు తిరిగి ఉంటాయి. పోగుల సంఖ్య సాధారణంగా 8 నుంచి 26 దాకా ఉంటుంది. పోషకాలకు దారినిచ్చే పోరిన్లలో ఒక్కో పీపాకు సాధారణంగా 16 పోగులు, అలాంటి మూడు పీపాలు జట్టుగా ఉంటాయి. పోగులను కలిపే మెలికలు లోపలి వైపు పొట్టిగా, బయటి వైపు పొడుగ్గా ఉంటాయి. యాంటీబాడీలకు అందేవి ఈ పొడుగు మెలికలే. రోగనిరోధక వ్యవస్థ వేటు వీటి మీదే పడుతుంది కనుక, బ్యాక్టీరియా వీటినే ఎక్కువగా మార్చుకుంటూ వస్తుంది.

రెండో రకం లిపోప్రొటీన్లు. వీటికి ఒక చివర కొవ్వు తోక ఉంటుంది. ఆ తోక పొరలో గుచ్చుకుని ఉంటే, కొన్నింటిలో మిగతా ప్రొటీన్ అంతా బయటికి తేలి ఉంటుంది. యాంటీబాడీలకు దొరికే వైశాల్యం వీటిలో ఎక్కువ. తోకను తీసేస్తే నీటిలో కరుగుతాయి కాబట్టి ప్రయోగశాలలో వీటితో పని కూడా తేలిక.

ఆకృతిని కనిపెట్టే పద్ధతులు

నీటిలో కరిగే ప్రొటీన్ అయిన మయోగ్లోబిన్ ఆకృతి 1958లోనే వెల్లడైంది. పొరలో ఉండే ప్రొటీన్ ఆకృతి పరమాణువుల స్థాయిలో తెలియడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. కిరణజన్య సంయోగక్రియ జరిపే ఒక బ్యాక్టీరియా ప్రొటీన్ మీద ఆ పని చేసిన హార్ట్‌ముట్ మిషెల్, యోహాన్ డైసన్‌హోఫర్, రోబర్ట్ హూబర్‌లకు 1988లో నోబెల్ బహుమతి దక్కింది. ఈ ఆలస్యానికి కారణం పొర ప్రొటీన్ల స్వభావమే. పొర నుంచి బయటికి తీయగానే వాటి నూనె గుణపు భాగాలు ఒకదానికొకటి అతుక్కుని, ప్రొటీన్ ముద్దకట్టి పాడవుతుంది.

అందుకే తొలి మెట్టు డిటర్జెంట్. తగిన డిటర్జెంట్ అణువులు పొర స్థానాన్ని తీసుకుని ప్రొటీన్ నడుముకు పట్టీలా చుట్టుకుంటాయి. బీటా పీపాలకు మరో దారి కూడా ఉంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఆ ప్రొటీన్‌ను ముద్దలుగా పెద్ద మొత్తంలో తయారు చేయించి, యూరియా వంటి వాటితో గొలుసును విప్పి, డిటర్జెంట్ సమక్షంలో మళ్లీ ముడుచుకోనిస్తారు. శుద్ధి చేసిన ప్రొటీన్‌ను స్ఫటికంగా పేర్చడం తర్వాతి మెట్టు. ఏ ఉప్పు, ఏ ఆమ్లత, ఏ ఉష్ణోగ్రత సరిపోతాయో ముందుగా చెప్పలేం. వందలాది మిశ్రమాలను పరీక్షించాల్సిందే. 1996లో ఎహుద్ లాండావు, యుర్గ్ రోజెన్‌బుష్ రూపొందించిన లిపిడ్ మాధ్యమం, పొరను పోలిన పరిసరాల్లోనే స్ఫటికాలు పెరిగే వీలు కల్పించింది.

స్ఫటికం మీద పడిన ఎక్స్-కిరణాలు చెదిరి చుక్కల వరుసలుగా నమోదవుతాయి. ఆ చుక్కల తీవ్రత నుంచి ఎలక్ట్రాన్ల సాంద్రతా పటాన్ని లెక్కగట్టి, అందులో అమైనో ఆమ్లాల గొలుసును అమరుస్తారు. అమరిక సరైనదో కాదో తేల్చే పరీక్షల్లో ముఖ్యమైనది 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రకటించిన రామచంద్రన్ పటం. గొలుసు ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఢీకొంటాయో అది చూపుతుంది. ఈనాటికీ ప్రొటీన్ ఆకృతులకు ఈ పరీక్ష తప్పనిసరి.

స్ఫటికం ఒక్కటే దారి కాదు. ఎన్.ఎం.ఆర్. పద్ధతి ద్రావణంలోనే ప్రొటీన్ ఆకృతినీ కదలికలనూ చూపుతుంది. చిన్న ప్రొటీన్లకు ఇది అనువైనది. క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో నమూనాను క్షణంలో గడ్డకట్టించి, లక్షల అణువుల చిత్రాలను కలిపి త్రిమితీయ రూపాన్ని నిర్మిస్తారు. దీనికి పునాది వేసినవారికి 2017లో నోబెల్ లభించింది. అమైనో ఆమ్లాల వరుస నుంచే ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్ వంటి కృత్రిమ మేధ సాధనాలు 2021 నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అయితే యాంటీబాడీ సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుందో నిర్ధారించడానికి ప్రయోగమే ఇంకా ప్రమాణం.

మెనింగోకాకస్ బి కథ

ఈ శాస్త్రం టీకాకు ఎలా అక్కరకొచ్చిందో స్పష్టంగా చూపేది మెనింగోకాకస్ అని కూడా పిలిచే నైసీరియా మెనింజైటిడిస్ బ్యాక్టీరియా. ఇది మెదడు పొరల వాపునూ రక్తం విషపూరితం కావడాన్నీ కలిగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఒక్కరోజులో ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. దీనిలో ఎ, సి, డబ్ల్యు, వై రకాలకు బ్యాక్టీరియా చుట్టూ ఉండే చక్కెర కవచం నుంచే టీకాలు తయారయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ టైఫాయిడ్‌కు తయారు చేసిన టైప్‌బార్ టీసీవీ కూడా కవచపు చక్కెరను ఒక ప్రొటీన్‌కు జతచేసిన టీకాయే. బి రకానికి ఈ మార్గం మూసుకుపోయింది. దాని కవచంలోని సియాలిక్ ఆమ్లపు గొలుసు మనిషి నాడీకణాల మీద ఉండేదాన్నే పోలి ఉంటుంది. శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించదు. గుర్తించేలా చేస్తే సొంత కణాలకే ముప్పు రావచ్చు. కాబట్టి ప్రొటీన్లే దిక్కయ్యాయి.

మొదట బయటి పొర నుంచి ఊడే సూక్ష్మ బుడగలనే టీకాగా వాడారు. 1980లలో క్యూబా, నార్వే, 2004లో న్యూజిలాండ్ ఇలాంటి టీకాలతో మహమ్మారులను ఎదుర్కొన్నాయి. కానీ ఈ రక్షణ ప్రధానంగా పోర్‌ఎ అనే పోరిన్ బయటి మెలికల మీద ఆధారపడింది. మెలికలు వేరుగా ఉన్న తెగ వస్తే టీకా సరిగా పనిచేయలేదు.

2000లో ఈ బ్యాక్టీరియా జినోమ్ వెల్లడైంది. ఇటలీలోని సియెనాలో రీనో రాప్పువోలి, మారియాగ్రాత్సియా పిట్సా బృందం ఆ జన్యువుల్లో పొర మీదికి చేరగల ప్రొటీన్లను కంప్యూటర్‌తో ఏరి, సుమారు 350 ప్రొటీన్లను ఈ.కోలైలో తయారు చేసి ఎలుకలకు ఇచ్చి చూసింది. బ్యాక్టీరియాను చంపగల యాంటీబాడీలను పుట్టించినవి 28 మాత్రమే. వాటిలో కీలకంగా నిలిచింది ఫాక్టర్ హెచ్‌ను పట్టుకునే లిపోప్రొటీన్, అంటే ఎఫ్‌హెచ్‌బీపీ.

రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థ సూక్ష్మజీవుల పొరకు చిల్లులు పొడుస్తుంది. అది సొంత కణాల జోలికి రాకుండా ఆపేది ఫాక్టర్ హెచ్. బ్యాక్టీరియా ఆ ఫాక్టర్ హెచ్‌నే తన ఒంటికి అతికించుకుని తప్పించుకుంటుంది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సుసాన్ లీ బృందం, లండన్‌లోని క్రిస్టఫ్ టాంగ్ బృందం కలిసి ఈ రెండు ప్రొటీన్లు కలిసిన స్థితిలో ఆకృతిని చూపాయి. మనిషి కణాల మీది చక్కెరలను ఫాక్టర్ హెచ్ గుర్తిస్తుంది. బ్యాక్టీరియా ప్రొటీన్ తన విద్యుదావేశపు అమైనో ఆమ్లాలతో ఆ చక్కెరల రసాయన స్వభావాన్ని అనుకరిస్తుంది.

ఆకృతి నేర్పిన పాఠాలు

ఈ చిత్రం టీకా నిపుణులకు ఒక చిక్కును స్పష్టం చేసింది. టీకాలో ఇచ్చిన ఎఫ్‌హెచ్‌బీపీని మనిషి రక్తంలోని ఫాక్టర్ హెచ్ కప్పేస్తే, ఆ భాగానికి యాంటీబాడీలు పుట్టడం కష్టం. ఎలుకల ఫాక్టర్ హెచ్ దీనికి అతుక్కోదు కాబట్టి మామూలు ఎలుకల పరీక్షల్లో ఈ లోపం కనపడదు. ప్రొటీన్‌లో 41వ స్థానంలోని ఆర్జినైన్‌ను సెరీన్‌గా మారిస్తే పట్టు పోతుంది, ఆకృతి మాత్రం నిలుస్తుంది. మనిషి ఫాక్టర్ హెచ్ ఉండేలా మార్చిన ఎలుకల్లో ఇలా మార్చిన ప్రొటీన్ మరింత మెరుగైన రక్షక యాంటీబాడీలను ఇచ్చింది.

రెండో పాఠం వైవిధ్యానికి సంబంధించింది. ఎఫ్‌హెచ్‌బీపీలో మూడు ప్రధాన రూపాలున్నాయి. ఒక రూపానికి పుట్టిన యాంటీబాడీలు మిగతా వాటిని బాగా పట్టుకోవు. 2011లో సియెనా బృందం ఆకృతిని ముందుంచుకుని, ఒకే ప్రొటీన్ ఉపరితలం మీద వేర్వేరు రూపాల భాగాలను అమర్చింది. అలా తయారైన 54 ప్రొటీన్లలో ఒకటి అన్ని రూపాల మీదా పనిచేసే యాంటీబాడీలను పుట్టించింది. లోపలి చట్రాన్ని చెదరనీయకుండా ఉపరితలాన్ని మార్చడం ఆకృతి తెలియకుండా అయ్యే పని కాదు.

ఎఫ్‌హెచ్‌బీపీతో పాటు మరో రెండు ప్రొటీన్లు, న్యూజిలాండ్ తెగ పొర బుడగలు కలిపిన బెక్సెరో టీకాకు 2013లో ఐరోపా అనుమతి లభించింది. ఎఫ్‌హెచ్‌బీపీ మూడు రూపాలను రెండు కుటుంబాలుగా చూసి, ఒక్కో కుటుంబం నుంచి ఒక్కొక్కటి తీసుకుని, కొవ్వు తోకలతో సహా తయారు చేసిన ట్రుమెన్బాకు 2014లో అమెరికా అనుమతి దక్కింది. 2015 సెప్టెంబరు నుంచి బ్రిటన్ పసిపిల్లలందరికీ బెక్సెరో ఇస్తోంది. ఇంగ్లండ్‌లో తొలి మూడేళ్లలో టీకాకు అర్హులైన వయసు పిల్లల్లో బి రకం కేసులు 75 శాతం తగ్గాయి.

ముందున్న పని

గనేరియా కలిగించే నైసీరియా గోనోరియే మెనింగోకాకస్‌కు దగ్గరి బంధువు. ఒక్కో యాంటీబయాటిక్‌కూ లొంగకుండా పోతున్న ఈ బ్యాక్టీరియాకు ప్రత్యేకమైన టీకా లేదు. న్యూజిలాండ్‌లో పొర బుడగల టీకా పొందిన యువతలో గనేరియా సుమారు 31 శాతం తక్కువగా ఉందని 2017లో వెల్లడైంది. రెండు జాతుల పొర ప్రొటీన్లలోని పోలికే దీనికి కారణమని భావిస్తున్నారు. 2025లో ఇంగ్లండ్ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి గనేరియా నివారణకు బెక్సెరో ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ బ్యాక్టీరియాల్లో, మనిషి రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ నుంచి ఆ ఇనుమును లాగే 22 పోగుల పీపా ప్రొటీన్ టీబీపీఎ ఆకృతి 2012లో తెలిసింది. ఇనుము లేనిదే బ్యాక్టీరియా బతకదు కాబట్టి ఆ ప్రొటీన్‌ను అది వదులుకోలేదు. అందుకే దానిలో ఇనుమును పట్టే పనికి అవసరమై, మార్పును తట్టుకోలేని భాగాల మీద ఇప్పుడు దృష్టి ఉంది. బ్యాక్టీరియా మార్చుకోలేని చోటును కనిపెట్టి, రోగనిరోధక వ్యవస్థకు ఆ చోటునే చూపించడం ఈ అధ్యయనం లక్ష్యం, విలువ కూడా.