టెంటు నీది, కడ్డీలు నావి

1962 జూన్ 1న ఇద్దరు యువకులు ఢిల్లీలో గాంధీ సమాధికి దణ్ణం పెట్టుకుని నడక మొదలుపెట్టారు. చేరాల్సినవి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్. అప్పటికి అణుబాంబులున్న నాలుగు దేశాల రాజధానులవి. జేబుల్లో పైసా లేదు. ఉండకూడదని నియమం పెట్టుకుని మరీ బయల్దేరారు. ఒకరు సతీశ్ కుమార్. రాజస్థాన్‌లో పుట్టి, తొమ్మిదేళ్ళ వయసులో జైన ముని అయి, పద్దెనిమిదేళ్ళకు ఆ జీవితం వదిలి వచ్చినవారు. రెండోవారు ఇ.పి. మేనన్, కేరళ మనిషి. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, సోవియట్ యూనియన్, పోలండ్, జర్మనీ, బెల్జియం, ఫ్రాన్స్, ఇంగ్లండ్ మీదుగా వెళ్ళి, ఓడలో అట్లాంటిక్ దాటి, న్యూయార్క్ నుంచి మళ్ళీ కాళ్ళకు పని చెప్పి, 1964 జనవరిలో వాషింగ్టన్ చేరారు. మొత్తం సుమారు 8,000 మైళ్ళని చెబుతారు.

ఆలోచన పుట్టింది బెంగళూరులో, కాఫీ కప్పుల ముందు. అణ్వాయుధాలు వద్దని శాసనోల్లంఘనకు పిలుపిచ్చినందుకు బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌ను 1961 సెప్టెంబరులో జైల్లో పెట్టారు. ఆయనకప్పుడు 89 ఏళ్ళు. ఆ వార్త పేపర్లో చదివి, అంత పెద్దాయన జైలుకెళ్తుంటే కుర్రాళ్ళం మనం కాఫీ తాగుతూ కూర్చున్నామేమిటని ఇద్దరికీ అనిపించింది. సగం దేశం ప్రతిరోజూ కాఫీ ముందు ఏదో ఒకటి అనుకుంటుంది. వీళ్ళు లేచి బయల్దేరారు. ఒంటరిగా ఉంటే లేచేవారా అన్నది నన్ను తరచూ పట్టుకునే ప్రశ్న. నాకు తెలిసి, మనిషి పెద్ద పనికి పూనుకునేది పక్కవాడి ముఖంలో కూడా అదే ఆలోచన కనబడినప్పుడే.

తెలుగువాళ్ళకు ఈ కథలో సొంత వాటా ఉంది. ఆ ఇద్దర్నీ దీవించి పంపింది వినోబా భావే. ఆయన 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని హరిజనుల మాట వింటుంటే, ఊరి పెద్ద వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఆ సాయంత్రం నుంచి వినోబా నడక దేశం నడక అయింది. భూదానం కోసం ఊరూరా తిరిగిన యువకుల్లో సతీశ్ కుమార్ ఒకరు. అందుకే వినోబా ఈ ఇద్దరికీ ఇచ్చిన సలహా కాలినడక తెలిసిన మనిషి ఇచ్చినట్టే ఉంటుంది. డబ్బు తీసుకెళ్ళకండి, మాంసం ముట్టకండి. చేతిలో డబ్బుంటే సాయంత్రానికి అలసిపోయి ఏదో సత్రం చూసుకుని, ఏదో తిని పడుకుంటారు. అది లేకపోతే ఎవరి తలుపో కొట్టక తప్పదు, మాట్లాడక తప్పదు. మాంసం తినమంటే ఎందుకు తినరని ఇంటివాళ్ళు అడుగుతారు, అక్కడి నుంచి అహింస మాట మొదలవుతుంది. ఇంత లోతైన ప్రయాణ సలహా నేను ఇంకెక్కడా చదవలేదు.

పాకిస్తాన్ సరిహద్దు దగ్గర ఒక స్నేహితురాలు వాళ్ళకు తిండి పొట్లాలు తెచ్చి ఇవ్వబోయింది. శత్రుదేశంలోకి వెళ్తున్నారు, తిండి ఎవరు పెడతారని ఆమె బెంగ. సతీశ్ తీసుకోలేదు. ఆ పొట్లాలు చేత పట్టుకుంటే, మీరు అన్నం పెడతారని నమ్మకం లేక తెచ్చుకున్నామని పాకిస్తానీలతో చెప్పినట్టే అవుతుందన్నారు. సరిహద్దు దాటగానే, పేపర్లో వీళ్ళ సంగతి చదివిన లాహోరు మనిషి ఒకాయన ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు.

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను. బ్యాక్‌ప్యాకింగ్ నా ఇష్టం, ఒక రకంగా నా వ్రతం. మా ఇంటికి గంటన్నర దూరంలో అపలాచియన్ ట్రెయిల్ పోతుంది. జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్‌లోని కటాడిన్ దాకా 14 రాష్ట్రాల గుండా దాదాపు 2,200 మైళ్ళ కాలిబాట. బెంటన్ మెకై అనే అటవీ నిపుణుడు 1921లో ప్రతిపాదించాడు, వాలంటీర్ల చేతుల మీదుగా 1937కి పూర్తయింది. చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున తెల్ల రంగు గుర్తులే దారి చూపుతాయి. అందులో నాలుగో వంతు వర్జీనియాలోనే ఉంది. నేనూ, గుంటూరులో నాతో చదువుకున్న నా మిత్రుడూ దాన్ని ముక్కలు ముక్కలుగా నడుస్తున్నాం, సెలవులు కలిసొచ్చినప్పుడల్లా.

కొత్తగా వచ్చేవాళ్ళు మొదట అడిగేది బరువు గురించే. అమెరికన్ పుస్తకాలు కూడా అక్కడే మొదలుపెడతాయి. మూట మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదంటాయి. టూత్‌బ్రష్ పిడి విరగ్గొట్టి తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. ఇది నేర్చుకోవాల్సిన విద్యే, కాదనను. బూట్లలో అరికాలు పొక్కితే ఎంత వేదాంతమైనా పనికిరాదు. కానీ ఆ పుస్తకాల్లో నాకు నచ్చని మాట ఒకటి పదే పదే వస్తుంది. నీకు కావలసినదంతా నీ వీపు మీదే ఉండాలి, ఎవరి మీదా ఆధారపడకూడదు అని. ఇన్నేళ్ళ నడక తర్వాత నేను సరిగ్గా దానికి వ్యతిరేకం నమ్ముతున్నాను. ఈ విద్యలో అసలు నేర్చుకోవాల్సింది ఆధారపడడమే.

మేం మూటలు కట్టే పద్ధతి చెబుతాను. టెంటు గుడ్డ ఒకరి దగ్గర ఉంటుంది, దాని కడ్డీలు ఇంకొకరి దగ్గర. స్టవ్వు నాది, గ్యాసు డబ్బా తనది. నీళ్ళ ఫిల్టరు ఒక్కటే, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళు రెండోవాడు వచ్చేదాకా వాగు దగ్గర ఆగాలి. ఇందులో బరువు సమానంగా పంచుకోవడం ఉంది గానీ, అంతకంటే ముఖ్యమైంది మరొకటి ఉంది. ఎవరికైనా కోపమొచ్చి విసవిసా ముందుకెళ్ళిపోతే ఆ రాత్రి ఇద్దరికీ గూడుండదు. తిండి మాత్రం పూర్తిగా తనదే. రవ్వ దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, చల్లార్చి సంచుల్లో పోస్తాడు. మరిగే నీళ్ళు పోసి మూత పెడితే ఉప్మా. అటుకులు, పల్లీలు, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. షెనాండోవా నేషనల్ పార్కులో రాత్రిపూట ఆ సంచులన్నీ ఎలుగుబంట్లకు అందకుండా షెల్టర్ పక్కనున్న ఎత్తైన ఇనప స్తంభం కొక్కాలకు తగిలించాలి. పొడవాటి గెడతో సంచిని పైకెత్తేది ఒకరు, కింద టార్చి పట్టేది ఇంకొకరు.

జంటగా నడవడంలో కష్టమైన పని అడుగు కలపడం. ఇద్దరి అడుగులూ ఎప్పుడూ కలవవు. హార్పర్స్ ఫెర్రీ అనే ఊరికి దక్షిణంగా 13.5 మైళ్ళ ముక్క ఒకటుంది, ఎక్కడం దిగడం ఎక్కడం దిగడం, దాన్ని రోలర్ కోస్టర్ అంటారు. అక్కడే నేర్చుకున్నాం, నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలని. వెనకుంటే అతనికి విశ్రాంతే దొరకదు. వేగంగా నడిచేవాడు మధ్యలో ఆగి కాస్త ఊపిరి పీల్చుకుంటాడు, ఇతను రొప్పుతూ వచ్చి కలవగానే వాడు మళ్ళీ బయల్దేరతాడు. మొదటి రెండు గంటలు కబుర్లు బాగానే నడుస్తాయి. తర్వాత మాటలు అయిపోతాయి. ఆ మౌనాన్ని భరించగలిగిన స్నేహమే మర్నాటికి మిగులుతుంది.

మనవాళ్ళం ఈ దేశానికి ఎలా వస్తామో చూడండి. తలా రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. అందులో కుక్కరు, పచ్చళ్ళు, దుప్పటి, మందులు. అన్నీ మనవే, ఎవర్నీ అడగక్కర్లేదు. అయినా మొదటి ఏడాది నలుగురం ఒక అపార్ట్‌మెంటులో ఉండి, ఒకరి కారులో అందరం దుకాణానికెళ్ళి, వంతులేసుకుని వండుకుంటాం. తర్వాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, ఎవరి ఇల్లు వారిది, ఎవరి గ్యారేజీ వారిది. ఒకప్పుడు చింతపండు అప్పు అడిగిన మనిషి ఇంటికి వెళ్ళాలంటే ఇప్పుడు మూడు వారాల ముందు ఫోను. ఎవరి అవసరమూ లేకుండా బతికే స్థితికి రావడాన్నే ఎదగడం అనుకున్నాం. నాకైతే ఆ లోటు పూడింది కొండల్లోనే.

అపలాచియన్ ట్రెయిల్‌ను ఒక్క యాత్రలో మొదట పూర్తి చేశానని ప్రకటించింది ఎర్ల్ షాఫర్, పెన్సిల్వేనియా కుర్రాడు. 1948 ఏప్రిల్ 4న జార్జియాలో మొదలుపెట్టి ఆగస్టు 5న మెయిన్‌లో ముగించాడు. నిజానికి ఆ నడక ఇద్దరిది కావాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పొరుగు స్నేహితుడు వాల్టర్ వైన్‌మిల్లర్‌తో కలిసి అనుకున్న పని అది. వాల్టర్ 1945లో ఐవో జీమా పోరులో చనిపోయాడు. సైన్యాన్ని ఒంట్లోంచి నడిచి వదిలించుకోవాలని వెళ్ళానన్నాడు ఎర్ల్. ఆయన దారి పొడుగునా రాసుకున్న చిన్న నల్ల నోట్‌బుక్ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి దగ్గర భద్రంగా ఉంది. 1998లో, 79 ఏళ్ళ వయసులో, మళ్ళీ మొత్తం నడిచాడు. ఒంటరి ఘనతగా చెప్పుకునే ఆ కథ నాకు మాత్రం స్నేహం కథగానే వినబడుతుంది.

మన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలో చూసినదంతా ఊళ్ళో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాస్తూ పోయాడు. పక్కన పరివారం ఎంతున్నా ఆయన నడిచింది ఆ మిత్రుడితోనే. తెలుగులో యాత్రా రచన అలా మొదలైంది. ట్రెయిల్ షెల్టర్లలో నడిచేవాళ్ళు రాసుకునే నోటుపుస్తకం ఉంటుంది. మేం అందులో తెలుగులోనే రాస్తాం.

భయం గురించి కూడా చెప్పాలి. అడవిలో పడుకోవడమేమిటి నాయనా, ఆ దేశంలో హోటళ్ళు లేవా అని అమ్మ ఫోనులో అడుగుతుంది. ఆమె భయం జంతువుల గురించి. నా భయం వేరు. తిండి నింపుకోవడానికి బాట దిగి పల్లె రోడ్డు మీద బొటనవేలు చూపించి లిఫ్టు అడగాలి. ఈ చర్మం రంగుతో, ఈ యాసతో, మట్టి కొట్టుకున్న బట్టలతో. ఒక సాయంత్రం వర్షంలో పాత పికప్ ట్రక్కు ఆగింది. వెనకాల గడ్డిమోపులు, ముందు ఒక ముసలాయన. మేం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎక్కాం. ఆయన ఊళ్ళోకి తీసుకెళ్ళడమే కాదు, మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి బాట దగ్గర దించాడు. మేం తినేదేమిటని అడిగితే ఉప్మా సంచి ఒకటిచ్చి, నీళ్ళు ఎంత పోయాలో చెప్పాం. ఒక్కణ్ణే ఉంటే ఆ ట్రక్కు ఎక్కేవాణ్ణి కాను. మిత్రుడు పక్కనుంటే దొరికేది రక్షణ అనుకునేవాణ్ణి. నిజానికి దొరికేది అపరిచితుణ్ణి నమ్మే ధైర్యం.

సోవియట్ జార్జియాలో, నల్ల సముద్రం ఒడ్డున, ఒక తేయాకు ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు స్త్రీలు సతీశ్‌కు, మేనన్‌కు నాలుగు టీ పొట్లాలిచ్చారు. నాలుగు దేశాల నాయకులకు తలా ఒకటి. బాంబు మీట నొక్కాలన్న పిచ్చి ఆలోచన వస్తే, ఒక్క నిమిషం ఆగి ఈ టీ తాగమని చెప్పండన్నారు. సరిహద్దులో తిండి పొట్లాలు వద్దన్నవాళ్ళు ఈ పొట్లాల్ని మాత్రం దేశాలు దాటించి మోశారు. ఫ్రాన్స్‌లో జైలు చూశారు, బ్రిటన్‌లో రస్సెల్‌ను కలిశారు, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిశారు. వాషింగ్టన్ చేరేసరికి అధ్యక్షుడు కెనడీ బతికి లేడు. గాంధీ సమాధి దగ్గర మొదలైన నడకను ఆర్లింగ్టన్‌లో కెనడీ సమాధి దగ్గర ముగించారు. ఆ శ్మశానం ఉన్నది మా వైపే. హైదరాబాదు నుంచి చుట్టాలొచ్చినప్పుడు తీసుకెళ్ళి, కెనడీ గురించి చెప్పాక ఈ ఇద్దరి గురించి చెబుతాను.

తర్వాత దారులు వేరయ్యాయి. సతీశ్ కుమార్ ఇంగ్లండ్‌లో స్థిరపడి ఏళ్ళ తరబడి రిసర్జెన్స్ పత్రిక నడిపారు. మేనన్ భారతదేశానికి తిరిగొచ్చారు. ఒకే నడక మీద ఇద్దరూ విడివిడిగా పుస్తకాలు రాశారు. అది సబబే. ఒకే బాట మీద నడిచినా నేను చూసింది నా మిత్రుడు చూడడు. పక్షులు వాడికి కనబడతాయి, రాళ్ళు నాకు.

షెనాండోవా దక్షిణ భాగం మాకింకా మిగిలి ఉంది. అక్టోబరులో ఆకులు రంగు తిరిగే వేళకు వెళ్ళాలని అనుకున్నాం. ఈ ఏడాది వాడి మోకాలు బాగాలేదు, బరువు తగ్గించమని డాక్టరు చెప్పాడు. మొన్న మా గ్యారేజీలో సామాన్లు పరచుకుని కూర్చున్నప్పుడు, టెంటు మొత్తం నేనే మోస్తానురా అన్నాను.

"కడ్డీలు నాకివ్వు," అన్నాడు.

"మోకాలురా."

"గ్యాసు డబ్బా నువ్వు తీసుకో. కడ్డీలు నా దగ్గరే ఉండాలి."

ఇచ్చాను. గ్యాసు డబ్బా, నీళ్ళ ఫిల్టరు, నెయ్యి సీసా నా మూటలోకి వచ్చాయి.