ఊకలోంచి దిగిన గుమ్మడి

సియాటెల్‌లో అక్టోబరు వాన పట్టుకున్నాక మా పేటలోని చిన్న బ్రూవరీ గుమ్మడి ఏల్ అనే బీరు పీపా తెరుస్తుంది. మూడు వారాలు, మహా అయితే నాలుగు. ఆ తర్వాత మళ్ళీ ఏడాది దాకా దొరకదు. ఈసారి మొదటి గుక్క తాగి కాసేపు పక్కవాళ్ళతో మాట కలపలేకపోయాను. అంత బాగా కుదిరింది.

రంగు ముదురు బెల్లం పాకం. పైన మీగడ రంగు నురుగు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే ముందు శొంఠి పలికింది, దాని వెనకే దాల్చిన చెక్క, ఇంకాస్త ఆగితే జాజికాయ. లవంగం మాత్రం ఉందా లేదా అన్నట్టుంది. పనితనమంతా అక్కడే. లవంగంలోని యూజినాల్ రవంత మోతాదు మించినా నాలుక మొద్దుబారుతుంది, ఇక ఆ బీరుకీ పంటినొప్పి మందుకీ తేడా ఉండదు. నోట్లో పోసుకున్నాక గుమ్మడి ఇదిగో నేనంటూ ముందుకు రాదు. గుక్కకు నిండుదనంగా వస్తుంది. దప్పళంలో గుమ్మడి ముక్క చేసే పని ఇదే కదా. ఆ ముక్క లేకుండా కాచి చూడండి, పులుసు వెలితిగా ఉంటుంది. మింగాక కాల్చిన రొట్టె అంచు రుచి, ఆఖర్న హాప్స్ చిరుచేదు. ఆ చేదే రెండో గుక్కకు పిలుస్తుంది.

ఒకసారి సీసాలో ఇంటికి తెచ్చుకుంటే, ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మ వంటింట్లోంచే అడిగింది: "శొంఠి కషాయం కాచావేంట్రా?" ఆ మాట ఈ ఏల్ కాచే బ్రూవరీ ఆవిడకు చెప్తే ఎంత పొంగిపోయిందో. అసలైన శొంఠి అని అమ్మ ముక్కు పసిగట్టడం కంటే పెద్ద యోగ్యతాపత్రం ఏముంటుంది? అన్నట్టు, దీన్ని ఐసుగడ్డలా చల్లార్చి తాగకండి. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు పక్కన పెట్టండి. పది పన్నెండు డిగ్రీలకు వచ్చాక గానీ జాజికాయ నిద్ర లేవదు.

బ్రూవరీ ఆవిడ పని చూడడానికి ఒక రోజంతా అక్కడే ఉన్నాను. గుమ్మడికాయలు కోసి, అంచులు నల్లబడేదాకా ఓవెన్‌లో కాలుస్తుంది. పచ్చివాసన పోయి, లోపలి చక్కెర పాకం పడుతుంది. బార్లీ మాల్టును మెత్తటి పిండి కానివ్వకుండా బద్దలుగా మరపట్టి, సుమారు 67 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచుతుంది. ఆ వేడికి మాల్టులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. కాల్చిన గుజ్జు అందులోనే కలవాలి, అప్పుడే గుమ్మడిలోని పిండి కూడా చక్కెరై పులుస్తుంది. చిక్కల్లా గుజ్జు జిగురుతోనే. వడకట్టేటప్పుడు అంతా ముద్దకట్టి, జల్లెడ పూడుకుపోయి, బొట్టు దిగదు. దానికి విరుగుడు ఏమిటో తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. వరి ఊక! మన రైసు మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఊకే. రుచి ఏమీ ఇవ్వదు, ముద్దలో సందులు నిలబెట్టి రసాన్ని కిందికి దిగనిస్తుంది. మసాలాలో సగం మరుగు దించే ముందు, మిగతా సగం పులిశాక రుచి చూసి వేస్తుంది. పులిసేటప్పుడు బుడగలతో పాటు సువాసన కొంత ఎగిరిపోతుంది మరి.

చరిత్ర పెద్దదే, క్లుప్తంగా చెప్తాను. అమెరికాకు వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ళు మాల్టు కరువై గుమ్మడిని పులియబెట్టారు. మసాలా సంగతి ఆనాటిది కాదు. 1980లలో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో బిల్ ఓవెన్స్ ఈ బీరును తిరిగి బతికించాడు. ఆయన పేరుమోసిన ఫొటోగ్రాఫరు కూడా. గుమ్మడి వేసి కాస్తే గుమ్మడి రుచే రాలేదని, దుకాణానికి పోయి పంప్‌కిన్ పై (pie) మసాలా కొనుక్కొచ్చి కలిపాడని చెప్పుకుంటారు.

కానీ నా దృష్టిలో ఈ విద్యకు గురువు మా ఊరి డిక్ కాంట్‌వెల్. 1996లో ఎలీషియన్ బ్రూవరీ పెట్టిన ముగ్గురిలో ఒకరు. గుమ్మడితో స్టౌట్ కాచారు, అల్లం వేసి పిల్స్‌నర్ కాచారు. 2005 నుంచి వాళ్ళు గుమ్మడి బీర్ల పండగే జరిపారు. పెద్ద గుమ్మడికాయను తొలిచి, లోపలి గోడలు కాల్చి, బీరు నింపి మూసి, పండగనాడు దానికే కుళాయి బిగించేవారు. కాయే పీపా! అలాంటి ఎలీషియన్‌ను 2015 జనవరిలో బడ్‌వైజర్ యజమానులు కొనేశారు. వారం తిరిగిందో లేదో, సూపర్ బౌల్ నాడు బడ్‌వైజర్ ప్రకటన గుమ్మడి-పీచ్ ఏల్ తాగేవాళ్ళను వెక్కిరించింది. గుమ్మడి, పీచ్ కలిపి బీరు కాచిన ఇల్లు ఎలీషియనే! అమ్మకాన్ని వ్యతిరేకించిన కాంట్‌వెల్ ఆ ఏడాదే బయటికి నడిచారు. ఇన్నేళ్ళయినా ఆ ప్రకటన గుర్తొస్తే నాకు మండుతుంది.

ఇక అంగళ్ళలో జరిగేది చూడండి. జూలైలోనే గుమ్మడి బీరు బారులు తీరుతుంది. అప్పటికి పొలంలో తీగలు ఇంకా పూతమీదే ఉంటాయి. మరి సీసాలో ఉన్నదేమిటి? కొన్నింట్లో నిరుటి డబ్బా గుజ్జు. కొన్నింట్లో అదీ లేదు, దాల్చిన చెక్క ఎసెన్సు, వెనిలా, పంచదార, సీసా మీద నారింజ రంగు కాయ బొమ్మ. ఎంత గుమ్మడి వేశారని ఒక చోట అడిగితే, గుమ్మడికాయల దొంగ అన్నట్టు అమ్మేవాడు భుజాలు తడుముకున్నాడు. ఆ తీపి నీళ్ళు తాగినవాళ్ళు గుమ్మడి బీరంటేనే మొహం తిప్పేసుకుంటున్నారు, ఆ దెబ్బ పొయ్యి ముందు చెమటోడ్చేవాళ్ళకు తగులుతోంది. ఈ ఏడాది మా పేట బ్రూవరీ ఆవిడ రెండు పీపాలే కాచింది. నిరుడు నాలుగు.

సియాటెల్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకు నాదొక విన్నపం. ఎక్కడ గుమ్మడి ఏల్ కనపడినా ముందు మూడు ప్రశ్నలు అడగండి: కాయ ఎప్పటిది, ఎక్కడ కాల్చారు, ఊక వేశారా? జవాబు చెప్పడానికి ముందుకు వంగి ఉత్సాహంగా మొదలుపెట్టే మనిషి దగ్గర కొనండి. మా పేటలో రెండో పీపా నిన్ననే తెరిచారు.