చూసేవారి కథ: ‘ది హంగర్ గేమ్స్’ చలనచిత్రానుసృజనపై ప్రేక్షక ప్రతిస్పందనలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నవల చలనచిత్రంగా మారినప్పుడు పాఠకులు వ్యక్తం చేసే అసంతృప్తిని మూలవిధేయత అనే కొలబద్దతో పరిశీలించడం ఆనవాయితీ. సుజాన్ కాలిన్స్ రచించిన ‘ది హంగర్ గేమ్స్’ (2008) విషయంలో ఆ కొలబద్ద ఒక్కటే చాలదు. పిల్లల మరణాన్ని వినోదంగా చూసే జనాన్ని గురించిన నవల అది. అందువల్ల దాని చలనచిత్రరూపాన్ని (2012) చూసినవారి ప్రతిస్పందన కూడా కథార్థంలో భాగమవుతుంది. రూ పాత్రధారణపై వచ్చిన అభ్యంతరం, హింస చిత్రణపైనా వ్యాపారప్రచారంపైనా వచ్చిన విమర్శ, థాయిలాండ్‌లో మూడువేళ్ళ వందనం నిరసనచిహ్నంగా మారడం అనే మూడు ప్రతిస్పందనలను సాధారణీకరణం, రసవిఘ్నం అనే భావనల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనుసృజన, మూలవిధేయత, డిస్టోపియా, యువజన నవల, సాధారణీకరణం, రసవిఘ్నం, ప్రేక్షకుడు.

1. ఉపోద్ఘాతం:

నవలానుసృజనపై చర్చ జరిగిన ప్రతిచోటా “నవలలో ఉన్నది సినిమాలో లేదు” అనే మాట వినిపిస్తుంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)గా రూపొందిన నాటినుంచి తెలుగు విమర్శకూ ఈ మాట పరిచితమే. ఏది మిగిలింది, ఏది జారిపోయింది అని లెక్కచూసే పద్ధతికి తనదైన ప్రయోజనం ఉంది. అయితే కొన్ని రచనలు ఈ లెక్కకు లొంగవు. డిస్టోపియా నవలలు అటువంటివి. వర్తమానంలోని ఒక దుష్టలక్షణాన్ని భవిష్యత్తులోకి పొడిగించి, అది పూర్తిగా రాజ్యమేలే సమాజాన్ని ఊహించి చూపడం ఈ ప్రక్రియ స్వభావం. యువపాఠకులను ఉద్దేశించినప్పుడు ఆ సమాజాన్ని ఎదుర్కొనే బాధ్యత పదహారేళ్ళ వయసువారి భుజాలమీద పడుతుంది.

2012 తరువాత ఈ కోవకు చెందిన పలు నవలలు వెండితెరకెక్కాయి. వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’, జేమ్స్ డ్యాష్నర్ ‘ది మేజ్ రన్నర్’, లోయిస్ లోరీ ‘ది గివర్’ మూడూ 2014లోనే చలనచిత్రాలుగా వచ్చాయి. వీటికి బాట వేసిన ‘ది హంగర్ గేమ్స్’ను ప్రధానంగా తీసుకోవడానికి కారణం ఉంది. చూడడం అనే క్రియే ఆ నవలకు వస్తువు.

2. నవల – చూపు:

పానెమ్ అనే దేశంలో సంపన్నమైన క్యాపిటల్ నగరం 12 జిల్లాలను శాసిస్తుంది. పూర్వం జరిగిన తిరుగుబాటుకు శిక్షగా ఏటా ఒక్కో జిల్లానుంచి 12 – 18 ఏళ్ళ మధ్య వయసున్న ఒక బాలుణ్ణి, ఒక బాలికను లాటరీ ద్వారా ఎంపికచేస్తారు. ఆ 24 మందీ ఒక్కరే మిగిలేవరకు పోరాడాలి. ఆ పోరాటాన్ని దేశమంతా దూరదర్శన్‌లో చూడాలి. చెల్లెలు ప్రిమ్ పేరు రాగా ఆమెకు బదులుగా ముందుకొచ్చిన కాట్నిస్ ఈ కథను ఉత్తమపురుషలో, వర్తమానకాలంలో చెబుతుంది. ఒకవైపు రియాలిటీ కార్యక్రమం, మరొకవైపు ఇరాక్ యుద్ధదృశ్యాలు ప్రసారమవుతున్న ఛానళ్ళను మారుస్తున్నప్పుడు తనకు ఈ కథ తట్టిందని కాలిన్స్ చెప్పారు.

కాట్నిస్ తనను చూస్తున్నవారిని చూడలేదు. కెమెరాలున్నాయని తెలుసు కనుక తన ముఖకవళికలను, మాటను, చివరకు ప్రేమను కూడా చూసేవారికోసం అదుపుచేసుకుంటుంది. పాఠకుడు ఆమె మనసులో ఉండి కథ వింటాడు కాబట్టి క్యాపిటల్ ప్రేక్షకుడి ఆసనం అతనికి దక్కదు. సినిమాహాలులో పరిస్థితి తారుమారవుతుంది. టికెట్టు కొన్న ప్రేక్షకుడు ఆ పోరాటాన్ని బయటినుంచే చూడాలి. రచయిత్రి స్వయంగా చిత్రానువాదంలో పాలుపంచుకున్నా ఈ మార్పు తప్పలేదు. మాధ్యమస్వభావంనుంచి పుట్టిన ఈ స్థానభ్రంశమే తరువాతి ప్రతిస్పందనలన్నిటికీ మూలం.

3. రూ పాత్రధారణ – పాఠకుడి ఊహ:

రూ 11వ జిల్లానుంచి వచ్చిన పన్నెండేళ్ళ బాలిక. ఆమెది ముదురు గోధుమవర్ణమని నవల స్పష్టంగా చెబుతుంది. ఆకారంలోనూ నడతలోనూ ఆమె కాట్నిస్‌కు ప్రిమ్‌ను గుర్తుచేస్తుంది. దర్శకుడు గ్యారీ రాస్ చిత్రంలో అమాండ్లా స్టెన్‌బర్గ్ ఆ పాత్రను పోషించారు. 2012 మార్చిలో చిత్రం విడుదలైనప్పుడు కొందరు యువప్రేక్షకులు ట్విటర్‌లో తీవ్రమైన అభ్యంతరం తెలిపారు. రూ నల్లజాతి బాలిక కావడం తమను నిరాశపరిచిందని, ఆమె మరణం తాము అనుకున్నంతగా కదిలించలేదని వారి మాటల సారాంశం. మూలవిధేయత పేరుతో వచ్చిన ఈ ఆరోపణకు మూలంలోనే ఆధారం లేదు. చిత్రం నవలను అనుసరించింది. నవలను అనుసరించనిది వారు చదివిన తీరు.

ఇక్కడ రెండు విషయాలు పోల్చదగినవి. కాట్నిస్‌ది ఆలివ్ ఛాయ అని, నల్లని జుట్టు అని నవల వర్ణిస్తుంది. ఆ పాత్రకు నటిని వెతుకుతూ వెలువడిన ప్రకటన మాత్రం శ్వేతజాతి యువతినే కోరింది. జెన్నిఫర్ లారెన్స్ ఎంపికపై 2011లో అభ్యంతరాలు వచ్చాయి. వాటికి మూలంలో ఆధారం ఉంది. ‘ది గివర్’ విషయంలోనూ అంతే. 1993నాటి ఆ నవలలో జోనస్‌కు పన్నెండేళ్ళు. చిత్రం అతణ్ణి కౌమారం దాటుతున్న యువకుడిగా మార్చింది. బాల్యం ముగిసే క్షణంలో లోకపు క్రూరత్వం తెలియడమే ఆ కథకు ప్రాణం గనుక వయసు పెంచడంపై పాఠకులు చేసిన ఫిర్యాదు సహేతుకమే. మూడు ఫిర్యాదుల రూపమూ ఒకటే. ఆధారం మాత్రం ఒకటి కాదు. ఫిర్యాదును మూలపాఠంతో సరిచూడకుండా “పాఠకుల అభిప్రాయం”గా నమోదుచేసే విమర్శ ఈ తేడాను గుర్తించలేదు.

రూ విషయంలో జరిగినదాన్ని భారతీయ అలంకారశాస్త్రం మరింత సూక్ష్మంగా వివరించగలదు. పాత్ర అనుభవించే భావం ఆ వ్యక్తికి మాత్రమే చెందినదిగా మిగిలిపోక, సహృదయులందరికీ అనుభవయోగ్యం కావడాన్ని భట్టనాయకుడు సాధారణీకరణం అన్నాడు. అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో రసాస్వాదానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. “ఇది నాది, అది పరులది” అనే పట్టుదలతో దేశకాలవిశేషాలలో చిక్కుకుపోవడం వాటిలో ఒకటి. నవల చదువుతున్నప్పుడు రూ మరణానికి దుఃఖించిన పాఠకుడు ఆమెను తనవారి రూపంలో ఊహించుకున్నాడు. తెరమీద ఆమె “పరులది”గా కనిపించగానే శోకం ఆగిపోయింది. అంటే చదివినప్పుడు జరిగినది కూడా సంపూర్ణమైన సాధారణీకరణం కాదు. అది తన రూపాన్నే ఎదుటివారిలో చూసుకోవడం. నవల దాచి ఉంచగలిగిన ఈ లోపాన్ని చలనచిత్రం బయటపెట్టింది.

దీనిలో మరో వైపరీత్యం ఉంది. ఏ బిడ్డ మరణానికి ఏడవాలో, ఏ బిడ్డ మరణానికి అక్కరలేదో ఎంచుకోవడం పానెమ్‌లో క్యాపిటల్ పౌరుల అలవాటు. తమకు నచ్చిన పోటీదారుకే వారు కానుకలు పంపుతారు. రూ కోసం దుఃఖించడానికి నిరాకరించిన ప్రేక్షకుడు తనకు తెలియకుండానే ఆ ఆసనంలో కూర్చున్నాడు.

4. హింస, అలంకరణ – వివశత్వం:

రెండవ రకం ప్రతిస్పందన చిత్రణకు సంబంధించినది. అమెరికాలో పీజీ-13 ధ్రువపత్రంతో విడుదలైన ఈ చిత్రం బ్రిటన్‌లో 12ఎ ధ్రువపత్రం కోసం 7 సెకన్ల నిడివిని కోల్పోయింది. పోరు మొదలయ్యే ఘట్టాన్ని రాస్ చేతిలో పట్టుకున్న కెమెరాతో, కుదుపుల మధ్య, చాలావరకు అస్పష్టంగా చిత్రించారు. దీనిపై రెండు వాదాలు వచ్చాయి. హింసను ఆస్వాదించే అవకాశం ప్రేక్షకుడికి ఇవ్వకపోవడం నైతికసంయమనమని ఒక వాదం. రక్తం కనిపించనంత మాత్రాన హత్య తేలికవుతుందని, నవలలోని భయానకత్వం పలచబడిందని మరొక వాదం. రెండింటిలోనూ సత్యం ఉంది. అయితే రెండో వాదం నవల స్వభావానికి దగ్గరగా ఉంది. ఎందుకంటే కాట్నిస్ ఎదుట జరిగే మరణాలను కాలిన్స్ మసకగా వదలలేదు. గాయపడిన దేహం చాలాసేపు బాధపడుతుంది, పాఠకుడు ఆ బాధ పక్కన నిలబడవలసి వస్తుంది.

ఇంతకన్నా ఎక్కువ చర్చకు గురైనది వ్యాపారప్రచారం. 2013లో ‘క్యాచింగ్ ఫైర్’ విడుదల సందర్భంగా కవర్‌గర్ల్ సంస్థ ‘క్యాపిటల్ కలెక్షన్’ పేరుతో సౌందర్యసాధనాలను అమ్మకానికి పెట్టింది. కథ ఏ జీవనశైలిని దోషిగా నిలబెట్టిందో దానినే కొనుక్కోమని ప్రచారం పిలిచింది. దీనిని కేవలం అభిరుచిదోషంగా కొట్టివేయడం సరికాదు. తన సుఖదుఃఖాలలో తాను మునిగిపోవడాన్ని అభినవగుప్తుడు మరొక రసవిఘ్నంగా చెప్పాడు. గానం, అలంకరణ మొదలైన రంగస్థలవిశేషాలు ఆ విఘ్నాన్ని తొలగించి, చూసేవాణ్ణి సహృదయుడిగా మారుస్తాయని ఆయన భావించాడు. క్యాపిటల్‌లో ఈ వ్యవస్థ తలకిందులైంది. అక్కడ అలంకరణ ప్రేక్షకుణ్ణి తన సుఖంలో ఇంకా లోతుకు ముంచుతుంది. పోటీదారుల వేషధారణ, రథాలమీద ఊరేగింపు, ముఖాముఖి కార్యక్రమం అన్నీ వారి మరణాన్ని మరిపించే సాధనాలే. ‘క్యాపిటల్ కలెక్షన్’ తెరమీది ఆ వైపరీత్యాన్ని అంగడిలోకి తెచ్చింది.

5. మూడువేళ్ళ వందనం – ఆసనం దిగిన ప్రేక్షకుడు:

మూడవ ప్రతిస్పందన పై రెండింటికీ భిన్నమైనది. ఎడమచేతి మూడు నడిమివేళ్ళను పెదవులకు తాకించి ముందుకు చాపడం నవలలో 12వ జిల్లావారి పాత ఆచారం. అది కృతజ్ఞతను, అభిమానాన్ని, ఆత్మీయుల వీడ్కోలును తెలుపుతుంది. రూ మరణించినప్పుడు కాట్నిస్ ఆమె దేహాన్ని పూలతో అలంకరించి, ఆమె వైపు తిరిగి ఈ వందనం చేస్తుంది. ఆ తరువాత 11వ జిల్లావారు కాట్నిస్‌కు రొట్టె పంపుతారు. పేదల కృతజ్ఞతకు అంతకు మించిన గుర్తు ఉండదు.

చిత్రంలో కాట్నిస్ కెమెరా వైపు తిరిగి వందనం చేస్తుంది. 11వ జిల్లా ప్రజలు దానిని అందుకుని తిరిగి వందనం చేస్తారు. రొట్టె రాదు. తిరుగుబాటు మొదలవుతుంది. మూలవిధేయత లెక్కలో ఇది నష్టమే. రొట్టెలోని ఆర్ద్రత పోయింది. కానీ ఈ మార్పువల్ల పానెమ్‌లోనే మరొక ప్రేక్షకుడు తెరమీదికి వచ్చాడు. క్యాపిటల్ వినోదంగా చూసే దృశ్యాన్నే జిల్లా దుఃఖంతో చూస్తుంది, చూసి లేచి నిలబడుతుంది. కాట్నిస్ చూపు కెమెరాను దాటి సినిమాహాలులోని ప్రేక్షకుణ్ణి కూడా తాకింది.

ఈ సంజ్ఞ ఎంతదూరం వెళ్ళిందో చరిత్ర చూపింది. 2014 మే 22న థాయిలాండ్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత నిరసనకారులు ఈ వందనాన్ని స్వీకరించారు. అదే సంవత్సరం నవంబరులో ఖోన్ కేన్ నగరంలో ప్రధాని ప్రయుత్ ఎదుట ఈ వందనం చేసిన ఐదుగురు విద్యార్థులను నిర్బంధించారు. అప్పుడే విడుదలవుతున్న ‘మాకింగ్‌జే’ తొలిభాగం ప్రదర్శనలు బ్యాంకాక్‌లో కొన్నిచోట్ల రద్దయ్యాయి. 2021 ఫిబ్రవరి 1నాటి సైనికచర్య తరువాత మయన్మార్‌లోనూ నిరసనకారులు ఇదే సంజ్ఞను చేపట్టారు.

ఇక్కడ రససిద్ధాంతానికి ఒక చిక్కు ఎదురవుతుంది. దేశకాలవిశేషాలలో చిక్కుకోవడం విఘ్నమైతే, పానెమ్ కథను తమ దేశానికి, తమ కాలానికి ముడిపెట్టిన థాయ్ విద్యార్థులూ విఘ్నానికి లోనైనట్లేనా? రూ రంగును తిరస్కరించినవారికీ వీరికీ తేడా ఏమిటి? తేడా క్రమంలో ఉంది. మొదటివారు పరాయి దుఃఖాన్ని పంచుకోకముందే “పరులది” అనే గీత గీశారు. రెండవవారు ముందు ఆ దుఃఖాన్ని తమదిగా అనుభవించి, ఆ తరువాత తమ లోకానికి తిరిగివచ్చారు. సాధారణీకరణం జరిగిన తరువాత ప్రేక్షకుడు ఇంటికి తీసుకువెళ్ళేదాని గురించి రససిద్ధాంతం ఎక్కువగా చర్చించలేదు. డిస్టోపియా రచనల విషయంలో విమర్శ ఆ ఖాళీని పూరించవలసి ఉంది.

6. ముగింపు:

పై పరిశీలననుబట్టి తేలిన అంశాలు:

• మూలవిధేయతకు సంబంధించిన ప్రతి ఫిర్యాదునూ మూలపాఠంతో సరిచూడాలి. రూ విషయంలో ఫిర్యాదు పాఠకుడి ఊహను సమర్థించింది. కాట్నిస్, జోనస్‌ల విషయంలో అది మూలాన్ని సమర్థించింది.

• నవలలో పాత్ర మనసులో ఉన్న పాఠకుణ్ణి చలనచిత్రం చూపరిగా మారుస్తుంది. చూపరులనే విమర్శించే కథలో ఈ మార్పు కథార్థాన్నే ప్రభావితం చేస్తుంది.

• మూలంనుంచి తొలగడం ప్రతిసారీ లోపం కాదు. రక్తాన్ని మసకబరచడం నవల తీవ్రతను తగ్గించింది. రొట్టె స్థానంలో తిరుగుబాటును చూపడం ప్రేక్షకుడికి కొత్త స్థానాన్నిచ్చింది.

• సాధారణీకరణం, రసవిఘ్నం వంటి భావనలు సమకాలిక చలనచిత్ర ప్రతిస్పందనలను వివరించడానికి ఉపకరిస్తాయి. ఆ ప్రయత్నంలో వాటి పరిమితులూ తెలుస్తాయి.

నవలకు, సినిమాకు మధ్య ఏమి మిగిలిందని అడగడం ఇకముందూ అవసరమే. దానితోపాటు సినిమా చూసేవాణ్ణి ఎవరి పక్కన నిలిపిందని కూడా విమర్శకుడు అడగాలి. ‘ది హంగర్ గేమ్స్’ చూసినవారిలో కొందరు ఒక బాలిక రంగు చూసి కన్నీరు వెనక్కి తీసుకున్నారు. మరికొందరు ఆమె కోసం ఎత్తిన చేతిని తమ వీధిలో ఎత్తి నిర్బంధానికి వెళ్ళారు. ఒకే కథకు ఈ రెండూ ప్రతిస్పందనలే. వీటిని ఒకే గాటన కట్టకుండా వేరుచేసి చూపగలగడం అనుసృజన విమర్శ బాధ్యత.