మలీద ముద్దలో వంశచరిత్ర

సద్దుల బతుకమ్మ నాడు పొద్దు గుంకకముందే మా ఊరు కొడకండ్లలో రొట్టెలు కాలుతున్న వాసన మొదలవుతుంది. వేడి రొట్టెను తుంచి, అరచేతులతో పొడిపొడిగా నలిపి, బెల్లం తురుమూ యాలకుల పొడీ వేసి, నెయ్యి పోసి ముద్దలు కడతారు. అదే మలీద. బతుకమ్మను సాగనంపినాక ఆడవాళ్లు ఒకరికొకరు పెట్టుకునేది దాన్నే. నలపడం అనే అర్థమున్న పారసీ మాట నుంచి వచ్చిందా పేరు.

ఇదే పేరుతో కొంకణ తీరపు యూదుల ఇళ్లలోనూ ఒక ప్రసాదం ఉంది. వాళ్లది రొట్టెతో కాదు, అటుకులతో. తడిపిన అటుకుల్లో కొబ్బరి కోరు, చక్కెర, యాలకులు కలిపి, పండ్లు పేర్చి, ఏలియా ప్రవక్తకు మొక్కు చెల్లిస్తారు. ఇంట్లో ఏ శుభం జరిగినా మలీద ఉండాల్సిందే. ఈ సంగతి నేను తెలుసుకున్నది ఎస్తేర్ డేవిడ్ పుస్తకాల వల్ల.

ఎస్తేర్ 1945లో అహ్మదాబాదులో, బెనె ఇజ్రాయెల్ అనే ఈ కొంకణ యూదుల శాఖకు చెందిన కుటుంబంలో పుట్టారు. అక్కడి కాంకరియా జూను నెలకొల్పిన రూబెన్ డేవిడ్ ఆమె తండ్రి. శిల్పం, కళావిమర్శ చేస్తూ వచ్చి, 1997లో ‘ది వాల్డ్ సిటీ’తో ఇంగ్లీషు నవలల్లోకి అడుగుపెట్టారు. ‘బుక్ ఆఫ్ రేచల్’కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

బెనె ఇజ్రాయెల్ వాళ్లు చెప్పుకునే పుట్టుక కథ చిన్నది. ఓడ పగిలింది. ఏడు జంటలు ఒడ్డుకు చేరాయి. గ్రంథాలన్నీ సముద్రం పాలయ్యాయి. గానుగాడించి బతికారు కానీ శనివారం మాత్రం గానుగ కట్టలేదు. అందుకే చుట్టుపక్కల జనం వాళ్లను ‘శనివార్ తేలీ’ అన్నారు. మన మాటలో శనివారపు గాండ్లోళ్లు. పుస్తకం పోయినా వారంలో ఒక రోజు పనిమానే అలవాటు వాళ్ల మతాన్ని మోసుకొచ్చింది. ఎస్తేర్ నవలల పనితనం ఇక్కడే పట్టుబడుతుంది. ఆమె చరిత్రను సిద్ధాంతాల్లో వెతకరు. అలవాట్లలో, అందులోనూ వంటింట్లో వెతుకుతారు.

‘బుక్ ఆఫ్ రేచల్’లో ప్రతి అధ్యాయమూ ఒక వంటకంతో మొదలవుతుంది. పిల్లలు ఇజ్రాయెల్ వెళ్లిపోగా, రేచల్ అనే ముసలామె కొంకణ పల్లెలో ఒంటరిగా మిగులుతుంది. అక్కడ పాత ప్రార్థనామందిరం ఒకటుంది. సామూహిక ప్రార్థన జరగాలంటే పదిమంది మగవాళ్లు కావాలి. ఊళ్లో ఆమె తప్ప యూదులే లేరు. అయినా ఆమె దాన్ని కనిపెట్టుకునే ఉంటుంది. ఆ స్థలం అమ్మకానికి వచ్చినప్పుడు అడ్డం నిలబడుతుంది. ఆమె వంటల వెనకా ఒక చరిత్ర ఉంది. మాంసంతో పాలు కలపకూడదని యూదుల నియమం; అందుకే ఆ ఇళ్లలో కూరల్లోకి కొబ్బరిపాలు వచ్చాయి. ధర్మశాస్త్రంలోని ఒక కట్టుబాటు కొంకణ కొబ్బరిచెట్టును ఆనుకుని రుచిగా మారిందన్నమాట.

వంశచరిత్రను ఇలా కళ్లెదుటి వస్తువుకు కట్టి చెప్పే పద్ధతి మాకు కొత్తేమీ కాదు. నేతపని చేసే పద్మశాలీలకు కులకథ చెప్పే కూనపులి వాళ్లున్నారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పొడవాటి పటాన్ని వేలాడదీసి, మార్కండేయుడి కథ, తామర తూళ్ల నారతో తొలి బట్ట నేసిన భావనారుషి కథ చెబుతారు. ఎర్రటి నేపథ్యం మీద అడ్డంగా వరుసలు వరుసలుగా బొమ్మలుంటాయి. బొమ్మ మీద కర్ర ఆనితే కథ సాగుతుంది. రేచల్ కథలో వంటకం చేసే పని అదే. ఆ రుచి దగ్గర ఆగితే ఒక జ్ఞాపకం విప్పుకుంటుంది.

తేడా కూడా ఉంది. కూనపులి కళాకారుడు కులం కథను ఆ కులానికే చెబుతాడు. ఎస్తేర్ చెప్పేసరికి వినాల్సినవాళ్లు చాలామంది దేశమే దాటిపోయారు. అందుకే ఆమె పాత కథను ఉన్నదున్నట్టు అప్పజెప్పి ఊరుకోరు. 2002 అల్లర్ల తర్వాత అహ్మదాబాదు యూదులు ఒక్కచోట చేరి కట్టుకున్న ఇళ్ల కథ ‘షాలోమ్ ఇండియా హౌసింగ్ సొసైటీ’. అందులో గోడ మీద పటంగా ఉండే ఏలియా ప్రవక్త దిగివచ్చి ఆ ఇళ్ల మనుషుల మధ్య తిరుగుతాడు. మొక్కులందుకునే ప్రవక్త ఇరుగుపొరుగు గొడవలు చూసే మనిషవుతాడు. వారసత్వం సరుకైతే సృజన దాన్ని నలిపే చెయ్యి.

2021లో వచ్చిన ‘బెనె అపెటీట్’ నవల కాదు, భారతీయ యూదుల వంటల పుస్తకం. అందులో గుంటూరు ప్రాంతంలోని బెనె ఎఫ్రాయిమ్ అనే యూదులకూ చోటుంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో వాళ్లకు ప్రార్థనామందిరం ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ వంటిళ్లను కథగా నలిపే చెయ్యి తెలుగులోనూ రావాలి.

మా ఊరి నేతన్నలు ఎందరో సూరత్, భివండీ మగ్గాలకు వలసపోయారు. పండుగొస్తే అక్కడి నుంచి బిడ్డలు ఫోన్ చేసి, మలీదకు బెల్లం ఎంత వేయాలని అడుగుతారు. ఇక్కడి తల్లులు కొలత చెప్పరు. ‘నలుపు బిడ్డా, చేతికే తెలుస్తది’ అంటారు.