అర మిల్లీమీటరు ముక్కు

“కోతి మనిషిగా మారుతుంటే ఎవరు చూశారు?” ఈ ప్రశ్న వినని ఇల్లు ఉంటుందనుకోను. భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్ళు నవ్వుతారు, అక్కడితో డార్విన్‌గారి పని అయిపోతుంది. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి ఒకాయన సభలో ఇంచుమించు ఇదే మాట అన్నారు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామం పాఠమే లేకుండా పోయింది. పిల్లలకి భారం తగ్గించడానికట! పన్నెండో తరగతిలో బయాలజీ తీసుకున్నవాళ్ళకి ఉందిగా అంటారు. నిజమే. మరి నాలాగా ఆర్ట్స్‌లోకి వెళ్ళిపోయే అమ్మాయి మాటేమిటి? ఆమెకి జన్మలో ఆ పాఠం తగలదు. రేపు ఆమె బిడ్డ అడిగితే ఆ భోజనాల దగ్గరి నవ్వే ఆమెకీ గతి.

అందుకని జొనాథన్ వైనర్ రాసిన ‘ది బీక్ ఆఫ్ ది ఫించ్’ గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. 1994లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకుంది. “ఎవరు చూశారు?” అన్నదానికి “మేము చూశాం” అని జవాబు చెప్పే పుస్తకం ఇది.

చూసినవాళ్ళు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే దంపతులు. పసిఫిక్ సముద్రంలో గలాపగోస్ దీవులున్నాయి కదా, 1835లో డార్విన్ దిగినవి. వాటిలో డాఫ్నీ మేజర్ అని చిన్న దిబ్బ. తాగడానికి నీటిబొట్టు లేదు, అన్నీ మోసుకెళ్ళాలి. 1973 నుంచి వీళ్ళు ఏటా అక్కడికి వెళ్ళి గుడారం వేసి, పిట్టల్ని పట్టి, కాళ్ళకి రంగు కడియాలు తొడిగి, ముక్కు పొడవెంత, మందమెంత అని కొలిచి వదిలేసేవారు. ఇద్దరు ఆడపిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆ సంసారం ఎలా నడిచిందో వైనర్ ఇంకా చెప్పి ఉండాల్సింది. నాబోటి పాఠకురాలికి ఆకలి తీరలేదు. రోజ్‌మేరీ డాక్టరేటు పుచ్చుకున్నది 1985లో, యాభై ఏళ్ళకి అటూ ఇటూగా ఉన్నప్పుడు.

1977లో అక్కడ వానలు మొహం చాటేశాయి. మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి గట్టివి, ముఖ్యంగా పల్లేరు కాయలు. మన పొలం గట్ల మీద కాళ్ళలో గుచ్చుకునే పల్లేరుకి దగ్గర చుట్టమే ఆ మొక్క. ముక్కు మందంగా ఉన్న పిట్ట దాన్ని మెలితిప్పి పగలగొట్టగలదు. సన్నముక్కు పిట్ట ఎంత తంటాలుపడ్డా లాభం లేదు. మధ్యరకం ఫించ్‌లలో నూటికి 80కి పైగా చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కు మందం సగటున ఓ అర మిల్లీమీటరు ఎక్కువ. అంతే! ఆ అర మిల్లీమీటరే చావుకీ బతుక్కీ మధ్య నిలబడింది. ఆడపిట్టలు మగవాటికన్నా చిన్నవి, ముక్కూ చిన్నదే, కాబట్టి అవే ఎక్కువ పోయాయి. (కరువొస్తే ముందు ఎవరి వంతో మనకి కొత్తగా చెప్పాలా?)

ఇక్కడితో ఆగితే అది ఉట్టి కరువు కథే. తరవాత వాన పడి గుడ్లు పెట్టి పిల్లలు తేలాయి. పిల్లల ముక్కులూ కొలిచారు. కరువుకి ముందు తరం కన్నా సుమారు 4 శాతం మందం! మేనత్త ముక్కు మేనకోడలికి రావడం మనకి తెలిసిందే. ఇక్కడ ఓ జాతి మొత్తానికి ముక్కు మారింది, ఒక్క తరంలో. ఈ మార్పులు యుగాలు గడిస్తేగాని కంటికి ఆనవనుకున్నాడు డార్విన్ అంతటివాడు.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఆ తరవాతి మలుపు. 1983లో కుంభవృష్టి కురిసింది. చిన్న గింజలు కుప్పతెప్పలు. ఆ వెనక వచ్చిన కరువులో ఈసారి పెద్దముక్కులు పోయి, చిన్నముక్కులు నిలిచాయి. పరిణామం అంటే కింది మెట్టు నుంచి పై మెట్టుకి ఎక్కడం అనీ, చివర మనిషి కూచున్నాడనీ అనుకునేవాళ్ళు ఈ అధ్యాయం చదివి తీరాలి. ఏ ముక్కూ గొప్పది కాదు. ఆ ఏడు ఏ గింజ దొరికిందన్నదే లెక్క. నవల రాసేవాళ్ళకి ఇలాంటి కథ దొరకదు. ఇందులో విలన్ లేడు, న్యాయం కూడా లేదు.

వైనర్‌తో నాకు పేచీ లేకపోలేదు. డార్విన్ కథకీ గ్రాంట్‌ల కథకీ మధ్య అటూ ఇటూ గెంతుతుంటే కొన్నిచోట్ల ఊపిరాడదు. చివర మనిషి దగ్గరికి వచ్చేసరికి ఉపన్యాసం పట్టుకుంటుంది. కానీ పురుగుమందుల అధ్యాయం ఉందే, అది మాత్రం మన కోసం రాసినట్టే ఉంది. అమెరికా పత్తి చేలల్లో మందుకి చావని నాలుగు పురుగులు మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండటం గురించి చెబుతాడు. మన పత్తి చేలల్లో 1980ల చివర పచ్చపురుగు ఇదే పని చేసింది. ఎంత ఖరీదైన మందు కొట్టినా లొంగలేదు. మొన్నమొన్న గులాబీరంగు పురుగు బీటీ పత్తినీ జయించింది. అప్పులపాలైన రైతు భార్యని అడగండి, పరిణామం ఎవరు చూశారో ఆవిడ చెబుతుంది. ఆ పేరు మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

పుస్తకం వచ్చాక కూడా పిట్టలు ఊరుకోలేదు. పల్లేరు తినే పెద్ద ఫించ్‌లు 1982లోనే ఆ దీవిలో మకాం పెట్టాయి. 2003 తరవాతి కరువులో ఉన్న పల్లేరంతా అవి మేసేయడంతో మధ్యరకం వాటి ముక్కు మళ్ళీ చిన్నదైంది. గ్రాంట్‌లు ఆ సంగతి 2006లో ప్రకటించారు. 2016లో ముక్కు సైజుని నడిపే జన్యువునొకదాన్ని కూడా పట్టుకున్నారు.

దీన్ని తెలుగు చేయబోయేవారికి ఒక్క మనవి. ఫించ్‌ని పిచ్చుక అనకండి, అది వేరే పిట్ట. పల్లేరుని మాత్రం పల్లేరు అనే రాయండి.